కుక్క తిన్న పచ్చి కాలేయం: దీవులు నేర్చుకున్న పాఠం

అండమాన్ దీవుల చరిత్రలో 1858 మార్చి 10 ముఖ్యమైన రోజు. ఆ రోజున డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ రేవులో దిగాడు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం నెలకొల్పిన ఆ శిక్షాస్థావరం గురించి మనం చరిత్ర పుస్తకాలలో చదువుకుంటాం. అయితే ఆ స్థావరం వెంట మరో ప్రాణి కూడా ఇక్కడ స్థిరపడింది. దాని గురించి చాలామందికి తెలియదు. ఆ ప్రాణి కుక్క!

ఆశ్చర్యంగా ఉంది కదూ? వేల సంవత్సరాలుగా ఈ దీవులలో నివసించిన అండమానీయ తెగలకు అంతవరకు పెంపుడు జంతువంటూ ఏదీ లేదు. విల్లమ్ములతోనే అడవిపందిని వేటాడేవారు. తెచ్చిన మాంసాన్ని నిప్పుల మీద కాల్చుకునో, మట్టికుండలో ఉడికించుకునో తినేవారు. స్థావరం నుంచి కుక్కలు చేతికి రాగానే వాటిని ఎంతో మక్కువతో పెంచుకున్నారు. పందిని పసిగట్టి తరమడంలో కుక్కకు సాటి లేదని త్వరలోనే గ్రహించారు. తర్వాత లిటిల్ అండమాన్‌లోని ఓంగీలకు కూడా కుక్క వేట తోడయింది. జారవాలు మాత్రం కుక్క లేకుండానే వేటాడుతూ వచ్చారు.

పోర్ట్ బ్లెయిర్ నగరానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ నగరంలో డెలానీపూర్ ఒక పేట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపసముదాయంలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. డెలానీపూర్‌లోనైనా, విశాఖలోనైనా, కర్నూలులోనైనా కుక్కను పెంచేవారికి ఈనాడు ఒక ప్రశ్న ఎదురవుతోంది. కుక్క తోడేలు సంతతి, పిల్లి పులి జాతి. అడవిలో వాటికి వండిపెట్టేవారెవరు? కాబట్టి పచ్చి మాంసమే వాటికి అసలైన ఆహారం కదా? ఈ వాదన వినడానికి బాగానే ఉంటుంది. అది ఎంతవరకు నిజమో తెలుసుకోవాలంటే కుక్క తిండి చరిత్రను ఒకసారి తిరగేయాలి.

కుక్క కంచంలో ఏముండేది?

మన పల్లెల్లో కుక్కకు ప్రత్యేకమైన వంట ఎన్నడూ లేదు. ఇంటిల్లిపాదీ తినగా మిగిలిన అన్నం, గంజి, జొన్నరొట్టె ముక్క, పండుగనాడు ఎముకలు. ఇదే దాని భోజనం. పాశ్చాత్య దేశాలలోనూ అంతే. దుకాణంలో కొనే కుక్క తిండి 1860 ప్రాంతంలో లండన్‌లో మొదలైంది. జేమ్స్ స్ప్రాట్ అనే వ్యాపారి గోధుమపిండి, కూరగాయలు, మాంసం కలిపి కుక్కలకు బిస్కెట్లు చేయించి అమ్మాడు.

మనిషి గంజి తాగుతూ కుక్క బతకగలిగిందంటే దాని శరీరంలో ఏదో మార్పు జరిగి ఉండాలి. ఆ మార్పేమిటో 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు జన్యువులలో చూపారు. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ అనే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు తోడేలులో 2 ప్రతులు ఉంటుంది. కుక్కలలో 4 నుంచి 30 ప్రతుల దాకా కనిపించింది. వ్యవసాయం ఉన్న ప్రాంతాల కుక్కలలో ఈ ప్రతులు ఎక్కువ. మంచు ప్రాంతపు హస్కీ, ఆస్ట్రేలియా డింగో వంటి వాటిలో తక్కువ. అంటే మనిషి ఇంటి గడప దగ్గర వేల ఏళ్లు గడిపిన కుక్క, మనిషి తిండికి కొంతవరకు అలవాటుపడింది. తోడేలుకు ఏది సహజమో అదే కుక్కకూ సహజమని చెప్పడం కుదరదు.

పిల్లి సంగతి వేరు

పిల్లి మాత్రం నేటికీ పూర్తి మాంసాహారి. క్యారెట్‌లోని కెరోటిన్ నుంచి మన శరీరం విటమిన్ ఎ తయారుచేసుకుంటుంది. పిల్లికి ఆ శక్తి లేదు. టారిన్ అనే పదార్థాన్ని కూడా అది తగినంతగా తయారుచేసుకోలేదు. అది మాంసం నుంచే అందాలి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫ్రాన్సిస్ పాటెంజర్ అనే వైద్యుడు 1932 నుంచి 1942 వరకు వందలాది పిల్లులపై ప్రయోగాలు చేశాడు. పచ్చి మాంసం తిన్నవి ఆరోగ్యంగా ఉన్నాయి. వండిన మాంసం తిన్నవి తరం తరానికీ క్షీణించాయి. ఈనాటికీ పచ్చి మాంసాన్ని సమర్థించేవారు ముందుగా చూపే ఉదాహరణ ఇదే. ఆయన చూసింది నిజమే కావచ్చు. కానీ కారణం ఆ కాలానికి తెలియదు. టారిన్ లోపిస్తే పిల్లి కంటిపొర దెబ్బతింటుందని 1975లో తేలింది. గుండె కండరం కూడా బలహీనపడుతుందని 1987లో తేలింది. టారిన్ నీటిలో కరుగుతుంది. మాంసాన్ని ఉడికించి ఆ నీటిని పారబోస్తే దానితోపాటు టారిన్ కూడా పోతుంది. లోపించినది ఏమిటో తెలిశాక తయారీదారులు దాన్ని ఆహారంలో కలపడం ప్రారంభించారు. పిల్లికి కావలసింది టారిన్. అది దొరికితే మాంసం పచ్చిదైనా వండినదైనా ఒకటే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1932లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, ఉన్ని కోసం నక్కలను పెంచే చాస్టెక్ అనే ఆయన క్షేత్రంలో నక్కలకు పచ్చి చేపలు కలిపిన మేత పెట్టారు. వాటికి పక్షవాతం వచ్చి చనిపోయాయి. కొన్ని రకాల పచ్చి చేపలలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. పిల్లులకూ ఇదే ప్రమాదం ఉంది. చేపను ఉడికిస్తే ఆ ఎంజైమ్ పనిచేయదు. చేపలు పుష్కలంగా దొరికే అండమాన్ వంటి చోట పిల్లిని పెంచేవారు గుర్తుంచుకోవలసిన విషయమిది.

ఇంతవరకు మనం చూసింది కుక్కకు, పిల్లికి కలిగే మేలు కీడుల గురించి. అసలు కథ వాటితో ఆగదు. కుక్క తిన్న పచ్చి మాంసం మనిషి కడుపులోకి ఎలా చేరుతుందో ఇప్పుడు చూద్దాం.

తిత్తిలో దాగిన పురుగు

గొర్రెను కోసినప్పుడు కాలేయంలోనో ఊపిరితిత్తులలోనో నీటితో నిండిన తెల్లని తిత్తులు ఒక్కోసారి కనిపిస్తాయి. మనుషులలోనూ ఇవి వస్తాయి. నీటితో నిండిన కాలేయం గురించి ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాలలోనే ప్రస్తావన ఉంది. ఇవి ఎందుకు వస్తాయన్నది మాత్రం రెండువేల సంవత్సరాలకు పైగా ఎవరికీ అంతుపట్టలేదు. రోగం వల్ల కండ చెడి ఏర్పడినవని కొందరు, ఒక వింత ప్రాణి అని మరికొందరు ఊహించారు.

1852లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాన్ సీబోల్డ్ ఒక సులువైన ప్రయోగం చేశాడు. గొర్రె తిత్తులను కుక్కపిల్లలకు తినిపించాడు. కొన్ని వారాల తర్వాత వాటి పేగులను పరిశీలించాడు. అక్కడ సన్నని బద్దెపురుగులు కనిపించాయి! గొర్రెలోని తిత్తి, కుక్కలోని పురుగు వేరువేరు ప్రాణులు కావని, ఒకే ప్రాణి జీవితంలోని రెండు దశలని తేలిపోయింది. 1863లో బెర్లిన్‌లో నౌనిన్, ఐస్‌లాండ్‌లో క్రాబే విడివిడిగా మరో అడుగు వేశారు. మనిషి శరీరం నుంచి తీసిన తిత్తిని కుక్కకు తినిపించి అదే పురుగును పొందారు.

ఈ పురుగు పేరు ఎకినోకాకస్ గ్రాన్యులోసస్. దీని పొడవు 3 నుంచి 7 మిల్లీమీటర్లు. అంటే బియ్యపు గింజంత కూడా ఉండకపోవచ్చు. పశువులలో కనిపించే మీటర్ల పొడవు బద్దెపురుగులతో పోలిస్తే ఇది మరుగుజ్జు. కుక్క పేగులో వేల సంఖ్యలో ఉన్నా కుక్క హాయిగానే తిరుగుతుంది. పురుగు గుడ్లు కుక్క మలంతో బయటికి వస్తాయి. అవి కంటికి కనిపించవు. మట్టిలో, గడ్డిలో నెలల తరబడి చావకుండా ఉంటాయి. గడ్డితోపాటు గొర్రె, మేక, పశువు వాటిని మింగుతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పేగు గోడను తొలుచుకుని రక్తంలో కలిసి, కాలేయానికో ఊపిరితిత్తులకో చేరి తిత్తిగా మారుతుంది. ఆ తిత్తిని కుక్క పచ్చిగా తింటే చక్రం పూర్తవుతుంది. ఆరేడు వారాలలో కొత్త గుడ్లు తయారవుతాయి.

ఈ చక్రంలో మనిషికి చోటు లేదు. అనుకోకుండా అందులో ఇరుక్కుంటాడు. కుక్క ఒంటి వెంట్రుకలకు అంటిన గుడ్లు దాన్ని నిమిరిన పిల్లవాడి చేతికి, చేతి నుంచి నోటికి చేరతాయి. కడగని ఆకుకూర ద్వారా కూడా రావచ్చు. తిత్తి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. బాల్యంలో మింగిన గుడ్డు నడివయసులో నొప్పిగా బయటపడవచ్చు. తిత్తి పగిలితే అందులోని ద్రవం వల్ల ప్రాణాపాయం కూడా కలుగుతుంది. దీనినే హైడాటిడ్ వ్యాధి అంటారు. ఒక విషయం గమనించండి. మనిషి గొర్రె మాంసం తిన్నందువల్ల ఈ వ్యాధి రాదు. ఆ గొర్రె కాలేయాన్ని కుక్క పచ్చిగా తిన్నందువల్ల వస్తుంది!

ఐస్‌లాండ్ ఎలా బయటపడింది?

19వ శతాబ్దంలో ఈ వ్యాధికి అందరికంటే ఎక్కువగా బలైన దేశాలలో ఐస్‌లాండ్ ఒకటి. ఉత్తర అట్లాంటిక్‌లోని ఆ దీవిలో జనం తక్కువ, గొర్రెలు ఎక్కువ. ప్రతి ఇంటా కుక్కలుండేవి. శీతాకాలమంతా మనుషులూ కుక్కలూ ఒకే కప్పు కింద గడిపేవారు. గొర్రెను ఇంటి ముంగిటే కోసి పనికిరాని భాగాలను కుక్కలకు వేసేవారు.

డెన్మార్క్ పశువైద్యుడు హరాల్డ్ క్రాబే 1863లో అక్కడికి వెళ్ళి 100 కుక్కలను పరీక్షించాడు. 28 కుక్కలలో ఈ పురుగు కనిపించింది. ఆ తర్వాత ఆయన చేసిన పని చరిత్రలో నిలిచిపోయింది. వ్యాధి ఎలా వస్తుందో, ఎలా ఆపాలో సామాన్యుడికి అర్థమయ్యే భాషలో చిన్న పుస్తకం రాశాడు. దాన్ని ఐస్‌లాండ్ ప్రజలకు ఉచితంగా పంచారు. చదువు వచ్చిన జనం కావడంతో చలి రాత్రులలో అది ఇంటింటా చదివారు. 1890లో చట్టం వచ్చింది. కుక్కలపై పన్ను విధించారు. కుక్కలకు ఏటా పురుగుల మందు వేయాలన్నారు. తిత్తులున్న అవయవాలను కాల్చాలనీ, పాతిపెట్టాలనీ శాసించారు. 1924లో రాజధాని రెయిక్యావిక్‌లో కుక్కలను పెంచడాన్నే నిషేధించారు. ఆ నిషేధం 1984 వరకు సాగింది.

ఫలితం ఎలా ఉందో శవపరీక్షల లెక్కలు చెప్పాయి. 1860లలో పుట్టినవారిలో ఐదుగురికి ఒకరి శరీరంలో తిత్తులు కనిపించాయి. తర్వాతి ప్రతి దశాబ్దంలో పుట్టినవారిలో ఆ సంఖ్య తగ్గుతూ వచ్చింది. 20వ శతాబ్దంలో పుట్టినవారిలో దాదాపు మాయమైంది. ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. ఈ తిత్తిని కరిగించే మందు ఆనాటికి లేదు. మనుషులకు ఏ టీకా వేయలేదు. కుక్క తిండిని మార్చడమే అసలు చికిత్స అయింది.

వక్క చేసిన సాయం

ఐస్‌లాండ్ బాటలో నడిచినవి మరికొన్ని దీవులు. న్యూజిలాండ్‌లో గొర్రెలు మనుషులకు ఎన్నో రెట్లు. అక్కడ 1959లో హైడాటిడ్ వ్యాధి నిర్మూలనకు ప్రత్యేక చట్టం చేశారు. కుక్కలకు పచ్చి అవయవాలు పెట్టడం నేరమైంది. కాలేయం, ఊపిరితిత్తుల వంటివి పెట్టదలిస్తే కనీసం 30 నిమిషాలు ఉడికించాలి.

ఏ కుక్కలో పురుగుందో కనిపెట్టడమెలా? దీనికి అరెకోలిన్ అనే మందు వాడారు. అది ఎందులో ఉంటుందో తెలుసా? మన వక్కలో! అండమాన్ తోటలలో కొబ్బరితోపాటు విరివిగా పండే పోకచెక్కలోని ఆల్కలాయిడ్ అది. దాన్ని కుక్కకు ఇస్తే పేగు గట్టిగా ముడుచుకుని విరేచనమవుతుంది. అందులో పురుగులు కూడా కొట్టుకువస్తాయి. ఆ విరేచనాన్ని పరీక్షించి, పురుగులుంటే యజమానికే చూపేవారు. కళ్ళారా చూసినవాడికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. తర్వాత ప్రాజిక్వాంటెల్ అనే మెరుగైన మందు వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన టాస్మేనియా దీవి 1996లోను, న్యూజిలాండ్ 2002లోను ఈ వ్యాధి నుంచి విముక్తి పొందినట్లు తాత్కాలికంగా ప్రకటించుకున్నాయి.

ఇవన్నీ దీవులే కావడం కాకతాళీయం కాదు. చుట్టూ సముద్రం ఉంటే బయటినుంచి కొత్త కుక్కలు, కొత్త గొర్రెలు తనిఖీ లేకుండా రాలేవు. ఒకసారి శుభ్రం చేస్తే మళ్ళీ మొదటికి రాదు. ప్రధాన భూభాగంలో ఈ సౌకర్యం లేదు.

కర్నూలు కథ

ప్రధాన భూభాగం సంగతి వచ్చింది కాబట్టి మన తెలుగు నేలకు వద్దాం. ఈ వ్యాధి మనకు కొత్తది కాదు. కర్నూలు ప్రాంతంలో హైడాటిడ్ వ్యాధి వ్యాప్తిపై సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి, ఆయన సహచరులు చేసిన పరిశోధన 1968లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వెలువడింది. దేశంలో ఈ వ్యాధి ఎక్కువగా కనిపించే ప్రాంతాలలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఉన్నాయని వైద్యగ్రంథాలు పేర్కొంటాయి.

కారణాలు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. రాయలసీమ మెట్టభూములలో గొర్రెలు, మేకలు ఎంతోమందికి జీవనాధారం. మంద వెంట కుక్క తప్పదు. జాతరలలో, పెళ్ళిళ్ళలో ఇంటి ముందే యాటను కోస్తారు. తిత్తులున్న కాలేయం మనుషులు తినడానికి పనికిరాదని పక్కకు విసిరేస్తారు. కాచుకుని ఉన్న ఊరకుక్క దాన్ని అందుకుంటుంది. ఐస్‌లాండ్‌లో మంచు, ఇక్కడ మండుటెండ. అయినా చక్రం ఒక్కటే. అక్కడ కుక్కకు యజమాని ఉన్నాడు, పన్ను కట్టాడు, మందు వేయించాడు. ఇక్కడి వీధికుక్కకు యజమాని ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరకనంతకాలం చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఏ సమయంలో చూసినా ప్రపంచంలో 10 లక్షల మందికి పైగా దీనితో బాధపడుతున్నారని అంచనా.

మళ్ళీ పచ్చి మాంసం

పల్లెలో కుక్కకు పచ్చి కాలేయం పేదరికం వల్ల, అలవాటు వల్ల దొరికింది. నగరాలలో అదే పదార్థం కొత్త ఆదర్శంగా తిరిగివచ్చింది. 1993లో ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్, కుక్కలకు పచ్చి మాంసం, ఎముకలు పెట్టాలంటూ ఒక పుస్తకం రాశాడు. ఆ పద్ధతి చాలా దేశాలకు పాకింది. డబ్బా తిండిలో ఏం కలుపుతున్నారోనన్న అనుమానం దీనికి బలాన్నిచ్చింది. ఆ అనుమానం పూర్తిగా నిరాధారం కాదని టారిన్ కథే చెబుతోంది. ఉడికించిన ఎముకలు పెళుసుగా చీలి గొంతుకు, పేగుకు గుచ్చుకుంటాయన్న మాట కూడా నిజమే. అయితే ఎముక లేకుండా ఒట్టి మాంసమే పెడితే కాల్షియం చాలక కుక్కపిల్లల ఎముకలు బలహీనమవుతాయన్నదీ అంతే నిజం.

ఇక సూక్ష్మజీవుల విషయం. పచ్చి మాంసంలో సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు. కుక్కకు ఏమీ కాకపోయినా, దాని గిన్నె కడిగిన చేతికి అంటుకోవచ్చు. 2004లో థాయిలాండ్‌లోని ఒక పులుల జంతుప్రదర్శనశాలలో పచ్చి కోడి మాంసం తిన్న పులులకు బర్డ్ ఫ్లూ సోకింది. చనిపోయినవి, వ్యాప్తిని ఆపడానికి చంపవలసి వచ్చినవి కలిపి 147. 2024 డిసెంబరులో మన దేశంలోనే నాగపూర్ దగ్గర గోరెవాడలో మూడు పులులు, ఒక చిరుత బర్డ్ ఫ్లూతో మరణించాయి. అదే నెలలో అమెరికాలోని ఆరెగాన్‌లో ఒక పెంపుడు పిల్లి చనిపోయింది. అది తిన్న గడ్డకట్టించిన పచ్చి ఆహారంలోని వైరస్, పిల్లిలోని వైరస్ ఒకటేనని తేలింది. గడ్డకట్టిస్తే తిత్తులలోని పురుగు పిల్లలు కొన్ని రోజులకు చస్తాయి. వైరస్‌లు, బాక్టీరియాలు మాత్రం అంత తేలికగా చావవు. వాటికి నిప్పే మందు.

సముద్రమే కంచె

అండమాన్, లక్షద్వీప్‌లు రేబిస్ లేని ప్రాంతాలుగా పేరుపొందాయి. భారతదేశంలో ఏటా వేలాది ప్రాణాలు తీసే ఆ వ్యాధిని సముద్రం అడ్డుకుంది. కుక్క వచ్చినా దాని రోగాలన్నీ వెంట రాలేదు. ఇది అదృష్టం. అయితే అదృష్టాన్ని కాపాడుకోవాలంటే కొంత జాగ్రత్త కావాలి. ఓడలో వచ్చే కుక్క, కోతకు దిగే మేక, మాంసం దుకాణం వెనుక పారేసే వ్యర్థం మీద కన్నేసి ఉంచాలి. ఐస్‌లాండ్ చేసింది కూడా ఇంతే.

ఈ చరిత్ర నుంచి విద్యార్థులు గ్రహించవలసినది ఒకటుంది. ఏది సహజం, ఏది కాదు అని వాదించుకోవడం వల్ల సమస్య తేలదు. తోడేలు పచ్చి మాంసం తింటుంది, నిజమే. కానీ తోడేలు మన పడకగదిలో పడుకోదు, మన పిల్లల ముఖం నాకదు. కుక్క అవన్నీ చేస్తుంది. కాబట్టి దాని గిన్నెలో ఏముందన్నది ఇంటిల్లిపాదికీ సంబంధించిన విషయం.

మీరు చేయగలిగిన పని చిన్నదే. మీ పేటలో మాంసం దుకాణం ఎక్కడుందో చూడండి. సాయంత్రం అక్కడి వ్యర్థాలు ఎక్కడికి పోతున్నాయో గమనించండి. డెలానీపూర్‌లో ఉన్నవారు అక్కడ, కర్నూలులో ఉన్నవారు అక్కడ చూడండి. మూత ఉన్న తొట్టిలోకి పోతున్నాయా, కాల్వ గట్టు మీదికా, కుక్కల ముందుకా? మూడవదే అయితే మీ సైన్స్ ఉపాధ్యాయుడితో చెప్పండి. పంచాయతీకో మునిసిపల్ కార్యాలయానికో ఉత్తరం రాయండి. ఇంట్లో కుక్క ఉంటే పశువైద్యుడు చెప్పిన ప్రకారం క్రమంగా పురుగుల మందు వేయించండి. కాలేయం, ఊపిరితిత్తులు పెట్టదలిస్తే బాగా ఉడికించి పెట్టండి. దాన్ని నిమిరాక చేతులు సబ్బుతో కడుక్కోండి. క్రాబే పుస్తకం 1860లలో ఐస్‌లాండ్ ఇంటింటికీ చెప్పిన మాటలు కూడా దాదాపు ఇవే.